చింపని బాల్కనీ టిక్కెట్లు

చందానగర్,
తేది 9-7-1974

శ్రీయుత వినోదపు పన్ను అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: వాడకుండ మిగిలిన రెండు బాల్కనీ టిక్కెట్లపై గురువారము ఆట చూచుటకు అనుమతి ఇప్పించుట గురించి.

చందానగర్ గ్రామ వాస్తవ్యుడను, ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేయు లింగమూర్తి అను నేను తమకు మనవి చేసుకొనునది:

1. నా భార్య భూలక్ష్మికి ఇప్పుడు ఎనిమిదవ నెల. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. అప్పుడు ఆమె ఏమీ కోరలేదు, నీకేమి కావలెనని మేమూ అడగలేదు. ఈసారి కోరినది ఒక్కటే, సికింద్రాబాదులో సినిమా. కడుపుతో ఉన్న మనిషి కోరిక తీర్చకపోతే పుట్టే బిడ్డకు చెవిలో చీము కారునని తమరూ వినియే యుందురు. మా అమ్మ నీలమ్మకు అంతకన్న పెద్ద భయమున్నది. దానిని ఆమె నోట అనదు, నేనూ అనను.

2. నేల టిక్కెట్టు తీసికొందునంటిని. అక్కడ ఆడవాండ్లు ఒక పక్క, మగవాండ్లు ఒక పక్క కూర్చుందురు, ఏ గొడవా ఉండదు. ఆమె బాల్కనీయే కావలెనని పట్టుబట్టినది. ఎందుకని అడిగితే చెప్పలేదు. సరేనని ముందుగానే రెండు టిక్కెట్లు తెచ్చితిని.

3. ఆట నాడు బొంబాయి రోడ్డు మీద మూసాపేట దాటగానే బస్సు టైరు పగిలినది. మేము చేరేసరికి ఇంటర్వెల్ సోడాలు అమ్ముచున్నారు. గేటు దగ్గరి మనిషి మంచివాడు. "ఇంక సగం ఉన్నది, పోండ్రి లోపలికి" అన్నాడు. భూలక్ష్మి అడుగు వేసినది కూడా. నేనే చేయి పట్టి ఆపితిని. సగం తీరిన కోరిక తీరనట్లే కదా, బిడ్డ విషయములో ఎందుకు సాహసమని. కావున టిక్కెట్లు చింపబడలేదు. ఇందుతో జతపరచడమైనది.

4. హాలు మేనేజరు గారిని అడుగగా, "ఆ ఆట అయిపోయిందండీ, దాని పన్ను కూడా కట్టేశాం. ఇక మా చేతిలో ఏముంది, ఆఫీసరు గారినే అడగండి" అనిరి. అయ్యా, కంటితో చూడని వినోదమునకు వినోదపు పన్ను ఎట్లు చెల్లునో నా మట్టిబుర్రకు తోచలేదు. తగవు పెట్టుకొనుటకు కాదు, తెలియక అడుగుచున్నాను.

5. గురువారముతో బొమ్మ మారును. ఆ ఆటకు అప్పుడే హౌస్‌ఫుల్ బోర్డు పెట్టినారు. కావున ఆమెకు ఒక్క కుర్చీ వేయించిన చాలును. చివరి వరుసలోనైనా సరే, స్తంభము అడ్డమున్నా సరే. నాకు అక్కరలేదు. ఆట విడుచు వరకు సైకిల్ స్టాండు వద్ద నిలబడెదను.

నాకు నిద్ర పట్టుట లేదు. మిషను ముందర కూడా బిడ్డ ధ్యాసే. చేయి పోగొట్టుకుంటావని మేస్త్రీ కోప్పడుచున్నాడు. నాకు భయమైతున్నది సారూ.

కావున పై సంగతులు చిత్తగించవలెను, బొమ్మ మారక ముందే దయ చూపవలెను.

తమ విధేయుడు,
లింగమూర్తి

మళ్లీ మనవి: పంపేముందు ఈ అర్జీని భూలక్ష్మికి చదివి వినిపించితిని. అయిదవ అంశము దగ్గర నవ్వినది, తర్వాత ఏడ్చినది. "నాకు సినిమా ఎందుకయ్యా? పెండ్లయినకాంచి నీ పక్కన ఒక్కనాడన్న కూసున్ననా? మీ అమ్మ ముంగట కూసోరాదు, మీ నాయిన ముంగట కూసోరాదు. నువ్వు షిఫ్టుల, నేను పొయ్యికాడ. బాల్కనీల మొగుడు పెండ్లాం ఒక్కకాడ కూసుంటరంటే అడిగిన. గా దినం లోపలికి పోనిస్తే నా కోరిక గప్పుడే తీరుతుండె" అన్నది.

కావున అయిదవ అంశములో ఒక్క కుర్చీ అను మాట కొట్టివేయగలరు. రెండు కుర్చీలు, పక్కపక్కనే. సగం ఆటకైనా సరే, బొమ్మ కనబడకపోయినా సరే.