గోధుమల పళ్ళెం మీద నీ పేరు

తిరువూరు, ఆదివారం

తమ్ముడు దేవదానానికి అన్నయ్య రాసేది. నేను కులాసా. మరదలు సుగుణ, పిల్లలు క్షేమమని తలుస్తాను. నీ సంగతి అడగటానికే చెయ్యి ఆడటం లేదు. ఎప్పుడూ మొదట రాసే దీవెన ఈసారి రాయలేదు, కారణం చెబుతాను.

బందరు వదిలి ఏడాదైంది. ఇక్కడ ఎండ ఎక్కువ, పలకరింపు తక్కువ. షావుకారు గారి మిల్లు వెనక గది, వాళ్ళ పిల్లలకు ట్యూషను, రెండు పూటలా వాళ్ళ భోజనమే. బైబిలు బడిలో గ్రీకు చెప్పే పని నా దగ్గర్నుంచి తీసేసి నీకిచ్చిన పెద్దలు బాగానే ఉండి ఉంటారు. "కోరిక చెప్పే క్రియారూపం ఎప్పుడో చచ్చింది, వదిలేయండి" అని నువ్వు కుర్రాళ్ళకు చెప్పిన మాట నేను మరవలేదు.

గురువారం మధ్యాహ్నం పొగాకు కొనడానికి గ్రీసు దేశస్థుడొకడు వచ్చాడు. షావుకారు భార్య రత్తమ్మ గారు కేకేశారు.

"రండి మేష్టారూ, మీ గ్రీకాయన దిగాడు. మీకొచ్చింది గ్రీకో కాదో ఇవాళ తేలిపోద్ది."

రేషను గోధుమలు ఎలా వండాలో ఇక్కడెవరికీ తెలియదు. ఉడకబెట్టి బెల్లం, కొబ్బరి కలిపి అతని ముందు పెట్టారు. నేను గ్రీకులో, ఆ చచ్చిన రూపంలోనే, "నీకు శాంతి కలుగు గాక" అన్నాను.

అతను టోపీ తీశాడు. మొహం పాలిపోయింది. ఇప్పుడలా ఎవరూ అనరని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. సందేహం చెప్పే క్రియారూపం, మామూలు క్రియారూపం చెవికి ఏనాడో ఒకటైపోయాయట. క్రియ ముందు ఒక చిన్న మాట తగిలించి సందేహమూ కోరికా రెండూ దానితోనే చెబుతారట. పాత రూపం గుడిలోనే వినపడుతుందట. నువ్వే గెలిచావు, సంతోషించు.

తర్వాత పళ్ళెం చూసి, "ఎవరి పేరు?" అన్నాడు. ఈ మాటే మా ఇంట్లో ఇంకొకరూ అన్నారని అంతకుముందే చెప్పాను, ఆ పేరు అడుగుతున్నాడనుకుని, "దేవదానం, నా తమ్ముడు" అన్నాను. అతను గోధుమల మీదికి వంగి నీ పేరు మూడుసార్లు మెల్లగా పలికాడు. మిల్లు ఆడుతూనే ఉంది, నాకు మాత్రం నీ పేరొక్కటే వినపడింది. పిడికెడు తిని, "పోయి ఎన్నాళ్ళయింది?" అని అడిగాడు.

వాళ్ళు ఉడికించిన గోధుమలు చనిపోయినవాళ్ళ పేరున పెడతారట. నువ్వు బతికే ఉన్నావన్నాను. అతను శిలువ గుర్తు వేసుకుని, "అలా జరగకుండు గాక" అన్నాడు. ఆ పాత రూపంలో మామూలు జనం నోట మిగిలింది ఆ ఒక్క మాటేనట.

నిన్న సుగుణ కార్డు అందింది. గురువారం మధ్యాహ్నం నుంచి నీకు గొంతు పెగలడం లేదట.

పాత తగాదాలన్నీ వదిలేశాను. ఈ ఉత్తరం అందగానే నీ చేత్తో ఒక్క ముక్క రాయి, తిట్టయినా సరే. సుగుణ చేత రాయించకు. పెద్దమ్మకు నా నమస్కారాలు, నీ కోసం ప్రార్థించమని చెప్పు. నేను దీవించలేను. ఆ "గాక" రూపం నోట్లోకి రావాలంటేనే భయంగా ఉంది. మామూలు మాటలో చెబుతున్నాను, బతుకు.

నీ అన్నయ్య