పోగు మెలిక చూడాలన్న డాక్టరు

1941 ఆగస్టు 12, మంగళవారం

కాలిన అక్క చేతిని చూసిన కొత్త డాక్టరు, చెయ్యి మళ్లీ అందంగా అవుతుందన్న మాటే ఎత్తలేదు. మొదట, "ఈ చేత్తో ఏం పని చేస్తావు?" అని ఈ ఊరివాళ్ల మరాఠీలో అడిగాడు. నాకు ఆశ్చర్యమేసింది.

కాగే గంజి పడి అక్క కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు అతుక్కుపోయాయి. కొత్త పడుగు పోగులను పాతవాటికి మెలిపెట్టేది ఆ వేళ్లతోనే. అవి విడిపోకపోతే తనకు మగ్గం పని లేదు.

తొడ చర్మం తీసి వేళ్ల మధ్య అతుకుతాడట. అది అక్కడ ఎలా బతుకుతుందో! కోసే ముందు ఆ మెలికను తన కళ్లతో చూడాలట.

"నా ఏళ్లు కదలయ్ గద. నువ్వే సూపియ్యి చెల్లె," అంది అక్క.

"నాకు రాదక్కా."

"గిన్ని బుక్కులు సదివినవ్, పోగు అతుకరాదా? ఏం సాలోళ్ల పిల్లవే!"

రేపు పొద్దున్నే అక్క పక్కన కూర్చుని నేర్చుకుంటాను. ఆసుపత్రికి వెళ్లేలోగా ఒక్క మెలికైనా ఊడకుండా నిలవాలి.