సుజాత పాసైన పరీక్ష

సోమవారం, అన్నం తిన్నాక

మొన్నటి లెక్కల పరీక్షను బట్టి మా తొమ్మిదో తరగతిని రెండుగా విడగొట్టారు. నా స్నేహితురాలు సుజాత ఆల్జీబ్రా బ్యాచ్‌కి వెళ్ళిపోయింది. నేను బేసిక్ బ్యాచ్‌లో. మళ్ళీ భిన్నాలు, మళ్ళీ దశాంశాలు, ఏడాదంతా.

"ఇద్దరం తప్పులు రాద్దామే. నాకెట్టాగూ రాదు. నువ్వొక్కదానివే ఆ బ్యాచ్‌లోకి పోతే నేనేం కావాల?" అని పరీక్షకు ముందు రోజు మైపాడు బస్సులో నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది అదే. నమ్మాను. వచ్చిన లెక్కలన్నీ కావాలని తప్పు చేశాను. మైనస్ రావాల్సిన చోట ప్లస్ పెట్టాను.

ఈ రోజు మార్కులు చదివాక లెక్కల సారు నా వైపు చూసి, "ఏందమ్మా ఇది? నువ్వేనా రాసినావు?" అన్నారు. తల వంచుకున్నాను. సుజాత కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఇంటర్వెల్లో నిలదీశాను. "తప్పే రాద్దామనుకున్నానే. లెక్క చూస్తే వచ్చేసింది, చెయ్యి ఆగలా" అంది. పైగా నవ్వింది!

రేపు సారుకి నిజం చెప్పాలనుంది. కావాలనే తప్పు రాశానంటే ఎవరు నమ్ముతారు?

దానికి లెక్క ఎలా వచ్చిందో నాకు తెలీదా? వాళ్ళమ్మ చేపలు తూచే తక్కెడ ముందు కూర్చోబెట్టి సమీకరణాలు నేర్పింది నేనే. ఒక పళ్ళెంలోంచి ఎంత తీస్తే రెండో పళ్ళెంలోంచీ అంతే తీయాలని, లేకపోతే తక్కెడ ఒరిగిపోతుందని ఎన్నిసార్లు చెప్పానో.

బాగానే నేర్చుకుంది. నా పళ్ళెంలోంచి మాత్రమే తీసింది.