జిన్నులో పని

మంగళవారం, పడుకునే ముందు

సీటిచ్చిన విదేశీ యూనివర్సిటీవాళ్లే నన్ను ఇంగ్లీషు కోర్సులో అట్టడుగు లెవెల్లో పడేశారు. ప్రశ్నలు అర్థం కావట నాకు! అసలు చదువు మొదలవడానికి ఇంకో ఏడాది ఆగాలి. అట్ట ఊడేదాకా డిక్షనరీ తిరగేసి ఒంటరిగా నేర్చుకున్నదానికి ఇదా?

వీడియో పరీక్షలో వాళ్ల మేడమ్ ఏం పని చేస్తావని అడిగింది. ఆదోనిలో పత్తి నుంచి గింజ తీసే మిల్లును జిన్ను అనే అంటాం. అదే ఇంగ్లీషులో చెప్పాను: చిన్నప్పటి నుంచీ పొద్దంతా జిన్నులోనే ఉంటాను, మా నాన్నా అంతే. ఆమె జాలిగా చూసి, మానేయాలని లేదా అంది. లేదు మేడమ్, నాకిష్టం అన్నాను.

జిన్ అంటే వాళ్లకు మొదట గుర్తొచ్చేది మందు అని ఇవాళ డిక్షనరీ చెప్పింది. ఆ ఒక్క మాట మనదే కదా అని ఎన్నడూ వెతకలేదు.

మా జిన్ను మేస్త్రీ హనుమంతన్నకు చెప్పాను. "మందా? ఇన్నేండ్లూ దుమ్మే తాగితిమి కదప్పా, మందు యాడ దాసినారు?" అన్నాడు. అందరూ నవ్వారు. దీనివల్ల నాకు ఏడాది చదువు వెనకబడిన సంగతి మాత్రం ఎవరూ అడగలేదు.

మళ్లీ పరీక్ష పెట్టమని మెయిల్ రాశాను. పత్తి మిల్లు అని రాసి, కొట్టేసి, జిన్ను అనే పెట్టాను. ఈసారి వాళ్లే డిక్షనరీ తీసి చూసుకోనీ. పంపేముందు తప్పులుంటే చెప్పమని అడగడానికి మాత్రం ఒక్కరూ లేరు.