వెంట్రుకవాసి తేడా

చిక్కబళ్ళాపురం

పూజ్యురాలైన అక్కకు తమ్ముడు నారాయణప్ప నమస్కారాలు. బట్లహళ్ళిలో నీ మోకాళ్ళ నొప్పి, బావ దగ్గు ఎట్లున్నాయో రాయించు. ఫోనులో నీకు వినబడదు కనుక రాస్తున్నాను. ఇక్కడ తుంపర పట్టుకుంది. మెస్సులో పెట్టే రాగిముద్దతో గోడ కట్టవచ్చు. అయినా తింటున్నాను, దిగులు పడవద్దు.

షెడ్డులో తలుపులకు పూలు చెక్కే యంత్రాన్ని మేమే కట్టుకుంటున్నామని చెప్పాను కదా. చెక్కే మోటారు వంకర లేకుండా జరగాలి, దాని ప్రాణమంతా అక్కడే ఉంది. మా ఇంజినీరు టేబుల్ సొరుగులకు వేసే పట్టాలు తెచ్చి బిగించాడు. చెంబు మోయలేనివాడి నెత్తిన బస్తా పెట్టినట్టు అవి వంగిపోయాయి. గీత గీయమంటే పాము పాకింది. మన చిన్నాయన దున్నిన చాలు గుర్తుందా, ఎద్దులొక దిక్కు, నాగలొక దిక్కు? ఆయనే నయం, పట్టా పుచ్చుకుని దున్నలేదు.

“దసరా అయినాక సోమవారం చూస్తా. నేరుగా పోకుంటే చైనాది తెప్పిస్తా, మీరిద్దురూ ఊర్లకు పోదురు” అన్నాడు యజమాని.

నేను వాటిని పీకేసి, పాత ఇనుము అంగడిలో యాంగిల్ ముక్కలు, అంటే నిలువునా మడిచిన ఇనుప పట్టీలు, ఏరి తెచ్చాను. మడత అంచు పైకి వచ్చేటట్టు బోర్లించి, రెండు పక్కలా ఏటవాలుగా చిన్న బేరింగులు నడిచేటట్టు చేశాను. ఆకురాయితో రుద్ది, దారం లాగి చూశాను.

“ఇది యాడ నేర్చుకున్నారప్పా?” అన్నాడు ఇంజినీరు.

“కాలేజీకి పోయింటే నేనూ సొరుగు పట్టాలే తెచ్చుందును” అన్నాను.

గీత దారంలాగా వచ్చింది. ఆయుధపూజ ఘనంగా చేశాము. సోమవారం యజమాని ఎదుట ఆడిస్తే జానెడుకొకసారి మోటారు ఎగిరి చెక్కమీద గాటు పెట్టింది. ఇంజినీరును, వాడికి చదువు చెప్పినవాళ్ళను వరసబెట్టి తిట్టాను. వాడు కిరసనాయిలు గుడ్డతో నా ఇనుప పట్టాలు తుడిచి, ఆ గుడ్డ నాకు చూపించాడు. ఎండి అట్టకట్టిన విభూతి, గంధం, కుంకుమ. పూజనాడు జానెడుకొక బొట్టు, కొలిచి మరీ పెట్టినవాణ్ణి నేనే.

“ఎవురప్పా ఈ పని చేసింది?” అన్నాడు యజమాని.

“పూజ కదా సార్, అందురూ పెట్టినాం” అన్నాడు ఇంజినీరు.

మళ్ళీ ఆడిస్తే వెంట్రుకవాసి తేడా రాలేదు. ఇద్దరి ఉద్యోగాలూ నిలబడ్డాయి. వాడికి ఇనుము సంగతి తెలియదనే మాట మాత్రం నేను వెనక్కి తీసుకోను.

బావకు నమస్కారాలు చెప్పు. నీ దీవెన నా తలమీద ఉండనీ. చింతామణి బస్సులో శెనగవిత్తనాల పొడి రెండు పొట్లాలు పంపు. రెండోది ఎవరికని అడగవద్దు.

నీ తమ్ముడు
నారాయణప్ప