కృష్ణానదైన నీలం చీర

సుగుణా,

నువ్వు పోయి ఏడాది దాటింది. మొన్న దసరాకు కొత్త జిల్లాలు వచ్చాయి. మన హాలియా నల్లగొండలోనే ఉంది. మీ పుట్టింటి హుజూర్‌నగర్ సూర్యాపేటకు పోయింది. నీదీ నాదీ ఇప్పుడు వేర్వేరు జిల్లాలు.

నిన్న పొద్దున, నువ్వు పాఠాలు చెప్పిన బడి నుంచి ఇద్దరు ఆడపిల్లలు వచ్చారు.

"తాతా, కొత్త టీచర్ కృష్ణను తెమ్మన్నది."

నాకు అర్థం కాలేదు.

"గదే తాతా! సుగుణ టీచర్ నేల మీద పరిచి, మమ్ముల ఊర్ల లెక్క నిలబెడుతుండె గద, గా నీలం చీర."

నీ చీరలన్నీ పంచిపెట్టినప్పుడు నేను దాచుకున్నది అదొక్కటే. పిల్లలు తొక్కుతారేమోనని ఇవ్వబుద్ధి కాలేదు. కాదనలేక నేనే పట్టుకుని పోయాను.

బడి ముందర చీర పరిచారు. పడమటి కొసన ఒక పిల్ల మక్తల్ అయింది, తూర్పు కొసన ఇంకో పిల్ల హుజూర్‌నగర్ అయింది. జిల్లాల నడుమ టీచరు ముగ్గుతో గీతలు గీసింది. ఇంతలో గాలికి చీర లేచింది. నేను గబుక్కున వంగి, నడిమికి పట్టుకుని కూర్చున్నాను.

"తాత సాగర్ కట్టయిండు!" అని ఒకటే నవ్వు. "కదలకు తాతా, హాలియా మునుగుతది!"

"కాళ్లు గుంజుతున్నయే" అన్నా వినలేదు. పాఠం అయ్యేదాకా కూర్చున్నాను.

టీచరు చీర దులిపి, మడతపెట్టి ఇవ్వబోయింది. బడి బీరువాలోనే ఉంచమన్నాను. సోమవారం ఇంకో తరగతికి ఇదే పాఠం ఉందట. కట్ట లేకుంటే నడవదని నన్నూ రమ్మన్నారు.