బాంజో ఆగిన చోట

ట్రాయ్, 1984
మంగళవారం రాత్రి

నేను ఖాళీగా వదిలిన చోట డేవ్ మూడు స్వరాలు నింపేశాడు. నా స్వరాల పుస్తకం అచ్చువేసేది తనే అయితే మాత్రం, నన్ను అడగక్కర్లేదా? అచ్చుకి వెళ్ళబోయే పేజీలు ఇవాళ పోస్టులో వస్తేగాని తెలియలేదు.

ఇప్పటి బాంజో వాయించేవాళ్ళ కోసం ఒక పాత ర్యాగ్‌టైమ్ బాణీ రికార్డును టేపు మీదికి ఎక్కించి, సగం వేగంలో విని విని స్వరాలు రాశాను. ఒకచోట బాంజో ఆగిపోతుంది, వాయించేవాడి బూటు నేలని తడుతుంది. ఆ పాటకి ప్రాణం అక్కడే ఉంది.

ఫోన్ చేస్తే నవ్వాడు. "రిలాక్స్, కిడ్! అది బూటు కాదు, రికార్డు మీద గీత. ఖాళీ వదిలితే కొన్నవాళ్ళు అచ్చుతప్పు అనుకుంటారు. అసలు నీకు మ్యూజిక్ ఎవరు నేర్పారు?"

"రికార్డులే. నువ్వు ఆ రికార్డు విన్నావా?"

"టైమ్ ఎక్కడుంది?"

వినకుండానే దిద్దాడు! ఒళ్ళు మండిపోయింది. ఫోన్ పెట్టేసి మళ్ళీ టేపు వేశాను. గీతే అయితే రికార్డు తిరిగిన ప్రతిసారీ టిక్కుమనాలి. ఇది ఒక్కసారే వినిపిస్తుంది. బూటే. అయినా, నా ఒక్కడి చెవిని నమ్మి ఎంతమంది ఇలాగే వాయిస్తారో అనుకుంటే భయమేస్తోంది.

రేపు పొద్దున్నే చెబుతాను. డేవ్, ముందు రికార్డు విను. ఆ ఖాళీని ఖాళీగా ఉంచు, లేదా పుస్తకం మీంచి నా పేరు తీసెయ్. ఏ సంగతో శుక్రవారం సాయంత్రంలోపు చెప్పు.